గళ్ళు గీసే విద్య

నార్వేలో స్టావాంగర్ నగరానికి దగ్గరలో గాండ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపాయ ఉంది. 1991 ఆగస్టు 23న అక్కడ ఒక బ్రహ్మాండమైన కాంక్రీటు కట్టడాన్ని మెల్లమెల్లగా నీళ్ళలోకి దించుతున్నారు. దాని పేరు స్లైప్‌నర్-ఎ. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున అడుగుకు ఆని నిలబడి, చమురు, సహజవాయువు తీసే వేదికను మోయాల్సిన పునాది అది. 24 కాంక్రీటు గుల్లలను ఒకదానికొకటి ఆనించి పోతపోసినట్టు ఉంటుంది. వాటిలో నాలుగు పైకి సాగి స్తంభాలయ్యాయి. ఆ స్తంభాల మీద 57 వేల టన్నుల పైవేదిక కూర్చోవాలి. దాన్ని ఎక్కించడానికి ముందు పునాదిని లోతుగా ముంచి పరీక్షిస్తున్నారు.

ఉన్నట్టుండి పెద్ద చప్పుడైంది. ఎక్కడో గోడ చీలి నీళ్ళు లోపలికి దూసుకొచ్చాయి. పంపులు తోడలేకపోయాయి. పైనున్నవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. కట్టడం మాత్రం నిమిషాల్లో మునిగిపోయింది. కిందికి పోతున్నకొద్దీ గుల్లలు నీటి ఒత్తిడికి నలిగి పగిలిపోయాయి. 220 మీటర్ల అడుగున కాంక్రీటు ముక్కల కుప్ప తప్ప ఏమీ మిగల్లేదు. ఆ తాకిడికి భూకంపమాపకాల మీద 3 తీవ్రత నమోదైంది. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు.

విచారణ చేసినవాళ్ళు కారణాన్ని ఒక చిన్న సందులో పట్టుకున్నారు. మూడు బిందెలను ఒకదానికొకటి ఆనించి పెడితే మధ్యలో ముక్కోణపు ఖాళీ మిగులుతుంది కదా, గుండ్రటి గుల్లలు మూడు కలిసేచోట కూడా అలాంటి ఖాళీయే ఉంది. అందులోకి సముద్రపు నీరు వస్తుంది, చుట్టూ ఉన్న గోడలను నెడుతుంది. 65 మీటర్ల నీరంటే చదరపు మీటరు గోడ మీద సుమారు 65 టన్నులు. ఆ గోడ చివర్లలో పుట్టే కోత ప్రతిబలాన్ని, అంటే గోడను కత్తిరించినట్టు విరిచే బలాన్ని, కంప్యూటరు లెక్క అసలు కంటే 47 శాతం తక్కువగా చూపింది. తక్కువ బలానికి తగ్గట్టే గోడ మందం తగ్గింది. ఆ మూలలో వేసిన ఉక్కు కడ్డీలు కూడా ఉండాల్సినంత పొడవు లేవు.

ప్రమాదం తర్వాత అదే గోడకు జాగ్రత్తగా మళ్ళీ లెక్క కట్టారు. 62 మీటర్ల నీటి ఎత్తు దగ్గర గోడ విరుగుతుందని తేలింది. నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర. సరైన లెక్క అంత దగ్గరగా చెప్పగలదు. మొదటి లెక్క చేసిన ప్రోగ్రాం నాస్ట్రాన్, నాసా కోసం 1960లలో పుట్టింది. దానిలో తప్పేమీ లేదు. తనకు ఏ గళ్ళు ఇచ్చారో ఆ గళ్ళకు అది సరిగ్గానే జవాబు చెప్పింది. తప్పు ఆ గళ్ళలో, వాటి నుంచి వచ్చిన అంకెలను చదివిన తీరులో ఉంది. ఈ అధ్యాయం ఆ గళ్ళ గురించే.

గళ్ళు ఎందుకు కావాలి? ఒక వస్తువు మీద బరువు పెడితే దానిలో ప్రతి బిందువూ కాస్త కదులుతుంది. బిందువులు అసంఖ్యాకం. అన్నిటి కదలికకూ కలిపి సమీకరణం రాయగలం గాని, ఏ గుండ్రటి కడ్డీకో చదునైన పలకకో తప్ప దాన్ని సాధించలేం. కారు చట్రానికి, తుంటి ఎముకకు, ఆనకట్టకు సూత్రం దొరకదు. అందుకని వస్తువును చిన్న చిన్న ముక్కలుగా ఊహిస్తాం. ముక్కను ఎలిమెంట్ అంటారు. ముక్కలు మూలల దగ్గర కలిసే బిందువులు నోడ్లు. నోడ్ల కదలికలే మనం కనుక్కోవాల్సిన తెలియని రాశులు. ఒక ముక్క లోపల ఏం జరుగుతుందో దాని నోడ్ల కదలికను బట్టి ఒక తేలికైన సూత్రంతో అంచనా వేస్తాం. అసంఖ్యాకమైన బిందువుల ప్రశ్న కొన్ని వేల నోడ్ల ప్రశ్నగా దిగివస్తుంది. ఇక దాన్ని యంత్రం సాధించగలదు.

గణితవేత్త రిచర్డ్ కూరాంట్ 1943లో ముక్కోణాలతో ఈ పని చేసి చూపాడు. కంప్యూటర్లు లేని కాలం కాబట్టి ఎవరికీ పెద్దగా పట్టలేదు. బోయింగ్ సంస్థలో విమానపు రెక్క ఎంత బిగువుగా ఉంటుందో లెక్కగట్టాల్సి వచ్చినప్పుడు టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురూ 1956లో ఇదే దారిని ఇంజనీర్ల భాషలో మళ్ళీ రాశారు. దీనికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అనే పేరు పెట్టింది క్లఫ్, 1960లో. తెలుగులో పరిమిత మూలక పద్ధతి అనవచ్చు. ముక్కలన్నీ కలిసిన అల్లికకు మెష్ అని పేరు. వల అన్నమాట.

వల అనే మాట ఇక్కడ బాగా అమరింది. చేపలు పట్టేవాళ్ళు ఏ చేపకు వెళ్తున్నారో దాన్ని బట్టి వల కన్ను ఎంచుకుంటారు. కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది. ఇంజనీరు మెష్‌లో జారిపోయేది ప్రతిబలం, అంటే వస్తువు లోపల ఒక్కో చోట కొంత జాగా మీద పడే బలం. ఒక వెడల్పాటి పలకలో చిన్న గుండ్రటి రంధ్రం చేసి రెండు పక్కలా లాగితే, రంధ్రం అంచున ప్రతిబలం దూరంగా ఉన్నదానికి 3 రెట్లు అవుతుంది. కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు 1898లోనే చూపిన లెక్క ఇది. రంధ్రం గుండ్రంగా కాక లాగే దిశకు అడ్డంగా సాగిన కోడిగుడ్డు ఆకారంలో, పొడవు వెడల్పుకు 10 రెట్లుంటే 21 రెట్లు అవుతుందని 1913లో ఇంగ్లిస్ చెప్పాడు. ఈ ఉధృతి అంతా అంచును ఆనుకున్న కాస్త జాగాలోనే. అక్కడ రంధ్రమంత పెద్ద ఎలిమెంట్లు వేస్తే 3 రాదు. చుట్టుపక్కల విలువలతో కలిసి చదునైపోయి బాగా తక్కువ అంకె వస్తుంది. ఆ అంకెను నమ్మి వస్తువు తయారు చేస్తే అది సరిగ్గా రంధ్రం దగ్గరే చిట్లుతుంది.

కన్ను చిన్నదవుతున్నకొద్దీ జవాబు ఎలా మెరుగవుతుందో బడిలో నేర్చిన వృత్తంతోనే చూడవచ్చు. వ్యాసం 1 ఉన్న వృత్తం లోపల సమానమైన భుజాలతో బహుభుజి గీయండి. 6 భుజాలైతే చుట్టుకొలత 3.0000. 12 భుజాలకు 3.1058. 24కు 3.1326. 48కి 3.1394. 96కు 3.1410. ఆర్కిమిడీస్ నడిచిన దారే ఇది. అసలు విలువ 3.1416 అని మనకు తెలుసు కాబట్టి ప్రతిసారీ ఎంత తక్కువ పడిందో చూడండి: 0.1416, 0.0358, 0.0090, 0.0022, 0.0006. భుజం సగమైన ప్రతిసారీ తప్పు నాలుగో వంతు అవుతోంది. మంచి మెష్‌లో కూడా తప్పు ఇలాగే ఒక క్రమంలో తగ్గుతుంది. అసలు జవాబు ముందే తెలియకపోయినా, మూడు నాలుగు మెష్‌లతో లెక్క చేసి అంకెలు ఎటు దిగుతున్నాయో చూసి నమ్మకం కుదుర్చుకోవచ్చు. ఒకే ఒక్క మెష్‌తో వచ్చిన జవాబును నేను జవాబుగా లెక్కపెట్టను.

అయితే చిన్నది చేయడానికి ఖర్చుంది. 100 మిల్లీమీటర్ల భుజమున్న ఇనుప దిమ్మను 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తే 8,000 ఎలిమెంట్లు. ముక్క కొలతను సగం చేస్తే 64,000. మళ్ళీ సగం చేస్తే 5,12,000. తెలియని రాశులు అంతే వేగంగా పెరుగుతాయి, లెక్కకు పట్టే కాలం ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే అంతటా ఒకే కన్ను వేయరు. ప్రతిబలం త్వరత్వరగా మారే చోట సన్నగా, నెమ్మదిగా మారే చోట పెద్దగా, రెండిటి మధ్యా మెల్లగా మారేలా వేస్తారు. ఎక్కడ త్వరగా మారుతుందో లెక్క చేయకముందే ఊహించగలగడం ఈ పనిలో మొదటి నేర్పు.

చిన్నవైతే సరిపోతుందా? సరిపోదని 19వ శతాబ్దం చివర్లో హెర్మన్ ష్వార్జ్ అనే గణితవేత్త ఒక అందమైన ఉదాహరణతో చూపాడు. గుండ్రటి స్తంభం ఉపరితలాన్ని చిన్న ముక్కోణాలతో కప్పుతున్నాం అనుకోండి. చుట్టూ తక్కువ ముక్కలు, నిలువునా చాలా ఎక్కువ వరసలు వేస్తే ముక్కోణాలు అడ్డంగా సాగి, ఉపరితలానికి ఆనకుండా కాగితపు లాంతరు ముడతల్లా లోపలికి వాలిపోతాయి. వాటిని ఎంత చిన్నవి చేసినా మొత్తం వైశాల్యం స్తంభం వైశాల్యానికి చేరదు. వరసలు ఇంకా పెంచితే హద్దు లేకుండా పెరిగిపోతుంది కూడా. ముక్కలు చిన్నవే, కాని ఆకారం చెడింది. బబుష్కా, అజీజ్ అనే ఇద్దరు 1976లో దీనికి తుల్యమైన సంగతిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో నిరూపించారు: ముక్కోణంలో మొన సన్నగా ఉండటం కంటే, ఒక కోణం 180 డిగ్రీలకు దగ్గరవడమే అసలు హాని.

స్లైప్‌నర్ మూలలో జరిగింది దీనికి బంధువే. గోడలు కలిసే ఆ ముక్కోణపు చోట ఎలిమెంట్లు తక్కువ వేశారు, వేసినవి కూడా పక్కకు ఒరిగిన చతుర్భుజాలు. పైగా ఎలిమెంట్లలో దొరికిన కోత ప్రతిబలాల మీదుగా ఒక వంపు గీత గీసి, గోడ చివర ఎంత ఉంటుందో ఆ గీతను బట్టి చదివారు. సమానంగా నీటి ఒత్తిడి పడే గోడలో కోత బలం మధ్యలో సున్నా నుంచి మొదలై సరళరేఖలో పెరుగుతూ చివర గరిష్ఠమవుతుంది. పాలిటెక్నిక్ విద్యార్థి కాగితం మీద నాలుగు పంక్తుల్లో చేసే లెక్క. వంపు గీత మాత్రం సరిగ్గా చివరకు వచ్చేసరికి తలవంచింది. ఆ కాగితం లెక్కను పక్కన పెట్టి పోల్చి చూసినా సరిపోయేది. ఈ ఒక్క సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇప్పుడు మన చేతికి అందే వస్తువు ఒకటి తీసుకుందాం. ఏసీ బయటి యూనిట్‌ను గోడకు మోసే ఎల్ ఆకారపు ఇనుప బ్రాకెట్ అందరూ చూసిందే. లెక్క తేలికగా ఉండటానికి అది 3 మిల్లీమీటర్ల మందం, 40 వెడల్పు, రెండు చేతులూ కలిపి 800 మిల్లీమీటర్ల పొడవున్న పట్టీ అనుకుందాం. డిజైనర్ పంపిన కంప్యూటర్ బొమ్మలో అన్నీ ఉంటాయి. కంపెనీ పేరు చెక్కిన అక్షరాలు, అంచుల గుండ్రదనం, బోల్టు మరలు, అన్నీ. తయారీకి అవన్నీ కావాలి, లెక్కకు అక్కర్లేదు. అక్షరాలను అలాగే వదిలితే వాటి గీతల్లో పట్టడానికి ప్రోగ్రాం సూది మొనలంత ఎలిమెంట్లు వేలకొద్దీ వేస్తుంది. కాబట్టి మొదటి పని తుడిచేయడం. కాని చేయి అదుపులో ఉండాలి. పట్టీ వంగిన మూల లోపలి వైపు గుండ్రదనం చూడటానికి అక్షరాల్లాగే చిన్న వివరం. దాన్ని కూడా తుడిచేస్తే బ్రాకెట్ విరిగే చోటునే తుడిచేసినట్టు.

ఆ మూలను పదునుగా వదిలేస్తే ఇంకో వింత జరుగుతుంది. లోపలికి తిరిగిన పదునైన మూలలో, గణితం ప్రకారం, ప్రతిబలానికి హద్దు లేదు. మెష్ సన్నం చేసినప్పుడల్లా అక్కడి అంకె పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా స్థిరపడదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు దాన్ని చూసి హడలిపోయి ఇనుము మందం పెంచేస్తారు. నిజమైన వస్తువులో అంత పదునైన మూల ఉండదు. గుండ్రదనాన్ని గీసి, దాని వంపు మీద చాలినన్ని ఎలిమెంట్లు వేస్తే అంకె ఒక చోట నిలుస్తుంది. బరువంతా ఒకే నోడ్ మీద పెట్టినా ఇదే తంటా.

తర్వాత ఏ రకం ఎలిమెంట్ అన్న ప్రశ్న. పట్టీని ఇటుకల్లాంటి ఘనపు ముక్కలతో నింపవచ్చు. మందంలో కనీసం 3 వరసలైనా ఉండాలనుకుంటే ముక్క 1 మిల్లీమీటరు. మొత్తం 96,000 ముక్కలు. కక్కుర్తిపడి మందానికి ఒకే ముక్క వేశామో, 8 నోడ్ల మామూలు ఇటుక మోసం చేస్తుంది. వంగే పట్టీలో గీతలు విల్లులా వంగాలి. ఈ ఇటుక అంచులు తిన్నగానే ఉంటాయి, వంగలేవు. వంగలేక పక్కకు ఒరుగుతాయి, ఆ ఒరగడానికి లేని బలం ఖర్చవుతుంది. ఫలితంగా పట్టీ అసలు కంటే ఎంతో గట్టిదిగా కనిపిస్తుంది. ఇంజనీర్లు దీన్ని షియర్ లాకింగ్ అంటారు, బిగుసుకుపోవడం అన్నమాట. లేని బలం ఉన్నట్టు చూపే తప్పు కాబట్టి ప్రమాదకరం. పలుచటి వస్తువుకు తెలివైన దారి వేరే ఉంది. మందం మధ్యగా ఒక ఉపరితలాన్ని తీసి, దాన్ని షెల్ అనే రకం ఎలిమెంట్లతో కప్పి, మందం 3 అని అంకెగా చెప్పేయడమే. 5 మిల్లీమీటర్ల షెల్ ముక్కలు 1,280 చాలు. 96,000 చేసే పనిని 1,280 చేస్తాయి, చాలాసార్లు మరింత బాగా చేస్తాయి.

మందమైన పోత వస్తువులకు షెల్ పనికిరాదు. వాటిని నాలుగు ముఖాల పిరమిడ్ ముక్కలతో నింపడం యంత్రానికి తెలుసు. బొరిస్ డెలానే అనే రష్యన్ గణితవేత్త 1934లో ఇచ్చిన నియమం అందుకు పునాది: ముక్కోణం మూడు మూలల మీదుగా వృత్తం గీస్తే దాని లోపల మరో నోడ్ ఉండకూడదు. ఈ నియమం పాటిస్తే సమతలంలో ముక్కోణాలు వీలైనంత నిండుగా వస్తాయి. మూడు కొలతల్లోకి వచ్చేసరికి అంత భరోసా లేదు. నాలుగు మూలలూ నేల మీద పడుకున్నట్టు చదునైపోయిన పిరమిడ్లు మిగులుతాయి, వాటిని వెతికి సరిచేయాలి. నాలుగు మూలల్లోనే నోడ్లున్న పిరమిడ్ మరీ బిగువు. అంచుల మధ్యన కూడా నోడ్లు పెట్టిన 10 నోడ్ల పిరమిడ్ వాడండి. ఎలాంటి ఆకారాన్నయినా మంచి ఇటుకలతో తనంతట తాను నింపేసే ప్రోగ్రాం ఈనాటికీ లేదు.

గళ్ళు చక్కగా ఉన్నా అవి ఒకదానికొకటి కుట్టుకోకపోతే వృథా. రెండు రేకుల అంచులు తెర మీద అంటుకుని కనిపిస్తాయి, నోడ్లు మాత్రం ఒకేచోట రెండు జతలుంటాయి. బరువు పెడితే చీర అంచు కుట్టు విడినట్టు విడిపోతాయి. దీనికి ఒక పాత పరీక్ష నాకు చాలా ఇష్టం. బ్రాకెట్‌ను ఎక్కడా బిగించకుండా గాలిలో వదిలేసి సహజ కంపనాలు లెక్కించమనండి. ఏ వస్తువైనా వంగకుండా మూడు దిశల్లో జరగగలదు, మూడు దిశల్లో తిరగగలదు. కాబట్టి పౌనఃపున్యం సున్నా ఉన్న కంపనాలు సరిగ్గా 6 రావాలి. ఏడోది వచ్చిందంటే మెష్‌లో ఏదో ముక్క ఊడి ఉంది. ఇదే సమయంలో మొత్తం బరువు కూడా చూసుకోండి. మిల్లీమీటర్లలో, న్యూటన్లలో పని చేసేవాళ్ళు బరువును టన్నుల్లో ఇవ్వాలి. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7850 కిలోలని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసేస్తే బ్రాకెట్ కొండకంటే బరువవుతుంది.

ఇదంతా చాకిరీ పని అని చాలామంది అనుకుంటారు. హైదరాబాదు, బెంగళూరు, పుణె ఆఫీసుల్లో ఎక్కడెక్కడి కార్లకో, విమానాలకో మెష్ చేస్తూ ఉద్యోగం మొదలుపెట్టిన తెలుగు పిల్లలు ఎందరో. వాళ్ళలో కొందరు ‘ఇంకా మెషింగే చేస్తున్నా’ అని చిన్నబుచ్చుకోవడం విన్నాను. వాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. థామస్ హ్యూస్, అతని సహచరులు 2005లో తమ కొత్త పద్ధతిని ప్రకటించినప్పుడు, దాని అవసరాన్ని చెబుతూ ఎత్తిచూపింది ఇదే: కార్లు, విమానాలు, ఓడల పరిశ్రమల్లో మొత్తం విశ్లేషణ కాలంలో 80 శాతం దాకా మెష్ తయారీకే పోతోందని. బొమ్మ గీసే గణితంతోనే లెక్క కూడా చేసేస్తే మెష్ బాధ ఉండదని వాళ్ళ ఆలోచన.

మెష్‌ను అసలే వదిలేద్దాం అన్నవాళ్ళలో మనవాడు ఒకరున్నారు. గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం 1998లో తన సహచరుడు ఝూతో కలిసి, ముక్కల అల్లిక లేకుండా నోడ్లతోనే లెక్క నడిపే పద్ధతిని ప్రతిపాదించారు. పగులు పాకుతూ పోయే చోట, వస్తువు ఆకారం విపరీతంగా మారే చోట అలాంటి దారి విలువ తెలుస్తుంది. 2013లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. వరంగల్లులో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన జునూతుల ఎన్. రెడ్డి వేరే దారి పట్టారు. పొరలు పొరలుగా ఉండే పలకలు ఎలా వంగుతాయో చెప్పే సిద్ధాంతం 1984లో ఇచ్చారు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి ఆయన రాసిన పరిచయ గ్రంథం ప్రపంచమంతటా తరగతుల్లో పాఠంగా ఉంది. అయినా ఈ రోజుకీ చాలా పరిశ్రమల్లో నడుస్తున్నది మెష్ దారే.

స్లైప్‌నర్ కథకు మిగిలిన సగం కూడా చెప్పాలి. వాయువు సరఫరాకు గడువు దగ్గరపడుతోంది. కంప్యూటరు లెక్కల మీద మళ్ళీ నమ్మకం కుదిరేదాకా ఆగే వ్యవధి లేదు. ఇంజనీర్లు కంప్యూటర్లకు ముందటి కాలపు చేతిలెక్కలతో రెండో పునాది డిజైన్ చేశారు. అది 1993లో ఉత్తర సముద్రంలో నిలబడింది. అదే ఏడాది వాయువు తీయడం మొదలైంది.

చివరిగా మీకు ఒక పని. జీమెష్, కాల్క్యులిక్స్ అనే రెండు ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. 200 మిల్లీమీటర్ల పలక మధ్యలో 20 మిల్లీమీటర్ల రంధ్రం గీసి, ఇందాకటి పలకలాగే రెండు పక్కలా లాగండి. రెండు వైపులా సమానమే కాబట్టి నాలుగో వంతు తీసుకుంటే చాలు. మొదట రంధ్రం చుట్టూ రెండే ఎలిమెంట్లు వేయండి, తర్వాత 4, 8, 16. ప్రతిసారీ అంచున వచ్చిన ప్రతిబలాన్ని కాగితం మీద రాసుకోండి. అది 3 రెట్లకు కాస్త పైన నిలబడాలి. నిలబడేదాకా తర్వాతి అధ్యాయం తెరవకండి.